కెన్యాలో సువార్త పనివాళ్ళకు నాయకత్వ పాఠాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆచంట తమ్ముడు అడుగుతున్నారు:

అందరికీ వందనాలు.

మాది ఆచంట పక్కన పల్లెటూరు. ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. ఎనిమిదేళ్ళుగా మా సంఘంలో యవనస్థుల కూడిక నడుపుతున్నాను. వచ్చే జూలైలో మా చుట్టుపక్కల సంఘాల తరఫున నలుగురం కెన్యా వెళ్తున్నాం. కిసుముకి దగ్గర్లో, విక్టోరియా సరస్సు వైపు. అక్కడి పల్లెల్లో తిరిగి సువార్త చెప్పే పనివాళ్ళు నలభై మంది దాకా వస్తారట. తరగతులు ఐదు రోజులు. మిగతా ముగ్గురూ పాస్టర్లు, వాళ్ళు ప్రసంగాలు చూసుకుంటారు. నాకు మాత్రం ‘క్రైస్తవ నాయకత్వం’ అని రోజుకు రెండేసి గంటలు ఇచ్చారు.

నాకు భయంగా ఉంది. నేను బైబిలు కాలేజీలో చదవలేదు. వచ్చేవాళ్ళలో నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళున్నారు, సైకిలు మీద తిరుగుతూ ఐదారు సంఘాలు చూసుకునేవాళ్ళున్నారు. వాళ్ళకి నేను నాయకత్వం నేర్పడమేంటి అని రోజూ అనిపిస్తోంది. ఒక సెమినారులో ఇచ్చిన నోట్సు నా దగ్గరుంది. దర్శనం, లక్ష్యాలు, సమయపాలన, టీము కట్టుకోవడం, ఇలా పన్నెండు పాఠాలు. వాటినే ఇంగ్లీషులో పవర్‌పాయింటు చేసి పట్టుకెళ్దామనుకుంటున్నాను. వాళ్ళ భాషలోకి తర్జుమా చేయడానికి ఒకాయన ఉంటారు. యేసు శిష్యుల కాళ్ళు కడిగిన యోహాను 13 చెప్పే రోజున పళ్ళెం, తువ్వాలు పెట్టి నిజంగానే ఇద్దరు ముగ్గురి కాళ్ళు కడిగి చూపిస్తే బాగుంటుందేమో అని కూడా ఉంది.

ఎవరైనా వెళ్ళొచ్చినవాళ్ళుంటే చెప్పండి. ఈ పాఠాలు పనికొస్తాయా? వాళ్ళకి అసలు ఏం కావాలి?

భీమవరం నుంచి ఒకరు:

పాఠాల సంగతి పెద్దలు చెబుతారు, నేను కాగితాల సంగతి చెబుతాను. ఎల్లో ఫీవరు టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. హైదరాబాదు నారాయణగూడలోని గవర్నమెంటు సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అప్పుడిచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా ఆపేస్తారు. కెన్యాకి 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ అనే ప్రయాణ అనుమతి పెట్టారు. ముందుగానే ఆన్‌లైన్లో పెట్టుకోవాలి. ఏ పని మీద వెళ్తున్నారో దాచకుండా రాయండి. సరస్సు వైపు మలేరియా బాగా ఎక్కువ. డాక్టరుని అడిగి మాత్రలు మొదలుపెట్టండి, దోమతెర పట్టుకెళ్ళండి.

ఇంకోటి. ప్రొజెక్టరు మీద ఆశ పెట్టుకోవద్దు. కరెంటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

మొగల్తూరు మాస్టారు:

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. 2016లో నేను ఎవరినైనా అడగాల్సిన ప్రశ్న ఇది. అడగలేదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నేను గవర్నమెంటు బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు నువ్వు వెళ్ళే వైపే, కిసుము పక్కన అహెరో అనే ఊరి చుట్టుపక్కలకి మూడుసార్లు వెళ్ళాను. 2016లో, 2019లో, 2023లో. మొదటిసారి నా సంచిలో ఉన్నది ఇప్పుడు నీ సంచిలో ఉన్నదే. పన్నెండు పాఠాలూ అవే. వాటిలో తప్పు మాటేమీ లేదు.

రెండో రోజు ‘దర్శనం’ పాఠం నడుస్తోంది. వెనక బెంచీలోంచి ఒకాయన లేచాడు. యాభై దాటి ఉంటాయి. మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు, బైబిలు తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆయన అక్కడివాళ్ళు మాట్లాడే లువో భాషలో నాలుగు మాటలు అడిగాడు. తర్జుమా చేసేవాడు వెంటనే చెప్పకుండా నేల చూపులు చూశాడు. గదిలో కొందరు తలలు వంచుకున్నారు. నేను మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పాడు. “మందిరం రేకుల కోసం హరంబే పెట్టాం. నేను దూడని అమ్మి ఇచ్చాను. రెండేళ్ళయింది, రేకులు రాలేదు. డబ్బు పెద్దాయన దగ్గరుంది. పెద్దవాణ్ణి లెక్క ఎలా అడగాలి?”

హరంబే అంటే అందరూ తలా ఇంత వేసుకుని ఒక పని పూర్తి చేసుకోవడం. వాళ్ళ దేశపు రాజముద్ర మీద ఉండే మాట అది.

నా పన్నెండు పాఠాల్లో దానికి జవాబు లేదు. “ప్రార్థన చేద్దాం” అన్నాను. చేశాం. తరవాతి పాఠానికి వెళ్ళిపోయాను. ఆయన కూర్చున్నాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఏళ్ళు గడిచిపోయాయి గానీ ఆ ఖాళీ బెంచీ ఒకటి నాకు అలాగే కనిపిస్తూ ఉంటుంది.

ఆలోచించు, ఆ ప్రశ్న మనకి కొత్తా? మన పేటల్లో మందిరం స్లాబు కోసం వసూలు చేసిన డబ్బు గురించి ఎన్ని ఇళ్ళు మాటలు మానుకున్నాయో నీకు తెలియదా? నాకు బాగా తెలుసు. తెలిసి కూడా, అంత దూరం వెళ్ళి, నాకు తెలియని సంగతులు చెప్పాను గానీ తెలిసిన సంగతి నోరు విప్పి మాట్లాడలేదు. నీకు మొదటగా చెప్పేది ఇదే. నీ సంఘంలో నువ్వు నిజంగా చూసిన తగువు, నిజంగా పడిన ఇబ్బంది ఒకటి పట్టుకెళ్ళు. అది పరిష్కారం కాకపోయినా ఫర్వాలేదు, అలాగే చెప్పు. పన్నెండు పాఠాలూ ఇంట్లో పెట్టి వెళ్ళు.

రెండోది కుర్చీ సంగతి. ఇది నీకు ఎవరూ చెప్పరు.

కెన్యాలో మనవాళ్ళని ‘ముహిందీ’ అంటారు. మొంబాసా నుంచి రైలు మార్గం వేయడానికి ఇంగ్లీషువాళ్ళు 1896 నుంచి 30,000కు పైగా మనదేశపు కూలీలని తీసుకెళ్ళారు. పట్టాలు 1901లో కిసుము చేరాయి. తరవాత గుజరాతీ, పంజాబీ కుటుంబాలు అక్కడ కొట్లు పెట్టుకున్నాయి, మిల్లులు పెట్టుకున్నాయి. అందుకని పల్లెల్లో మనిషికి ముహిందీ కనబడగానే షావుకారు గుర్తొస్తాడు, జీతం ఇచ్చేవాడు గుర్తొస్తాడు. నన్ను చూడగానే ‘బాస్’ అన్నారు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటే ఉంటే అది నాకు వేశారు. ముసలి పాస్టరు బల్ల మీద కూర్చున్నాడు.

మా తాత పాలేరు. మొగల్తూరు శివారులో ఒక కామందు దగ్గర ఏడాదికి ఇన్ని బస్తాలని ఒప్పందం. దాళ్వాలో రాత్రిపూట నీళ్ళ వంతు వస్తే లాంతరు పట్టుకుని బోదె గట్టు మీద పడుకునేవాడు. ఆఖరి మడి తడిసిందాకా కదలకూడదు. అన్నం అరుగు కింద పెట్టేవారు, ఆకులోనే. అరుగు ఎక్కే మాటే లేదు. ఆయన మనవణ్ణి నేను. నన్ను తీసుకెళ్ళి ఇంకో దేశంలో అరుగు మీద కూర్చోబెట్టారు, నేను కూర్చున్నాను. మొదటి రెండు రోజులు బాగానే ఉంది కూడా. ఇది చెప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది. కానీ నీకు కూడా ఆ కుర్చీ వేస్తారు, వేసినప్పుడు తెలియాలి.

అక్కడ పాస్టర్లని ‘మ్తుమిషి’ అని పిలుస్తారు. స్వాహిలీలో ఆ మాటకి సేవకుడు అని అర్థం. ఎంత గౌరవంగా పిలుస్తారంటే, మనం ‘దైవసేవకులు అయ్యగారు’ అన్నట్టే. రెండు భాషల్లోనూ సేవకుడు అనే మాటే పెద్దరికమైపోయింది. లువో భాషలో ఇంకా గట్టి మాట ఉంది. ప్రభువుని వాళ్ళు ‘రువోత్’ అంటారు. ఊరి పెద్దని, నాయకుణ్ణి కూడా అదే మాటతో అంటారు. అందుకని ‘మంచి నాయకుడు’ అని పాఠం మొదలుపెడితే వాళ్ళ చెవిలో పడేది ఏమిటో చూసుకో. మార్కు 10లో ప్రభువు గొప్పవాడు కాగోరినవాడు పరిచారం చేయాలన్నాడు, అందరికి దాసుడు కావాలన్నాడు. ఆ దాసుడు అన్న మాట దగ్గర ఆగు. అది బిరుదు కాదు, మా తాత. రాత్రిపూట గట్టు మీద పడుకునే మనిషి.

2019లో నేను మా తాత సంగతే చెప్పి, అడిగాను: “మీ ఊళ్ళో ఈ పని ఎవరు చేస్తారు?” చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత మాట్లాడటం ఆపలేదు. ఆ పూట నేను పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

అహెరోలో నీకు ఇల్లు గుర్తొస్తుంది. అక్కడ వరి పండిస్తారు. న్యాండో అని ఒక నది, దాని నీళ్ళు పంపులతో ఎక్కించి కాలవల్లోకి వదులుతారు. 1960ల్లో వేసిన స్కీము. మనకి 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి నీళ్ళు పల్లానికి వాటంతటవే వస్తాయి, వాళ్ళకి కరెంటు కావాలి. పెద్ద వానలకి నది పొంగితే కానో మైదానమంతా మునుగుతుంది. 1986లో మన గోదారి పొంగినప్పటి సంగతి చెబితే వాళ్ళు నన్ను చుట్టంలా చూశారు. ఊడ్పులు, కలుపు, పిట్టల కాపలా, అన్నీ మన బాధలే. ఆడవాళ్ళు నీళ్ళలో వంగి నడుము పట్టుకుని లేచే తీరు చూస్తే మా అమ్మ కనిపించింది.

నేను వాళ్ళని కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళి అపొస్తలుల కార్యములు 6 చెప్పాను. మా మొగల్తూరు శివారు. పైన ఆయకట్టు వాళ్ళకి మోకాలి లోతు నీళ్ళుంటే మాకు మడి బీటలిచ్చేది. కాలవ నీళ్ళు చూసే లస్కరు షట్టరు దింపి వంతు పెడితే గానీ కిందికి రాదు. యెరూషలేము సంఘంలో జరిగింది అదే. రోజూ పంచే భోజనం గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ళ దాకా రావడం లేదు. శివారు ఎండిపోతోంది. అప్పుడు అపొస్తలులు ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఆ ఏడుగురి పేర్లూ ఒకసారి చదువు: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి నీళ్ళు అందలేదో వాళ్ళ మనుషుల చేతికే షట్టరు తాళం ఇచ్చారు. పన్నెండు పాఠాల్లో ఎక్కడా నాకు ఇది చెప్పలేదు. ఒక పాస్టరు అక్కడే గట్టు మీద కూర్చుని, తన ఐదు సంఘాల్లో దేనికి నెలల తరబడి వెళ్ళలేదో వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

ఇక డబ్బు. బెంచీ ఖాళీ చేసి వెళ్ళిపోయిన మనిషి ప్రశ్నకి జవాబు మూడేళ్ళ తరవాత వంటింట్లో దొరికింది. మాకు వండిపెట్టే ఆడవాళ్ళు ఒక చామా నడుపుకునేవారు. మన డ్వాక్రా గ్రూపు లాంటిదే. వారం వారం పొదుపు, అవసరమైనవాళ్ళకి అప్పు. వాళ్ళ డబ్బు పెట్టె చూపించమని అడిగాను. చిన్న ఇనప పెట్టె, నీలం రంగు. దానికి మూడు తాళాలు. మూడు తాళంచెవులూ ముగ్గురు వేరు వేరు ఆడవాళ్ళ దగ్గర, డబ్బు పెట్టె ఇంకొకామె ఇంట్లో. నలుగురూ ఒకచోట చేరితే గానీ తెరుచుకోదు. తెరిచాక అందరి ఎదుటా పైకి లెక్కపెడతారు. పేరుపేరునా చదువుతారు. చదువు రాని ముసలామె కూడా తన అంకె గుర్తుంచుకుని తల ఊపుతుంది. పెద్దవాళ్ళని లెక్క ఎలా అడగాలి అన్న ప్రశ్నే అక్కడ రాదు, ఎందుకంటే అడగక్కర్లేకుండా పెట్టె తయారుచేసుకున్నారు.

మర్నాడు ఆ పెట్టె తెప్పించి తరగతిలో బల్ల మీద పెట్టాను. రెండో కొరింథీ 8లో పౌలు యెరూషలేముకి చందా పంపేటప్పుడు తానొక్కడే మోసుకెళ్ళలేదు, సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు, ప్రభువు ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా సరిగ్గా ఉండాలన్నాడు. అది చదివి, పెట్టె నడిపే ఆమెని మాట్లాడమన్నాను. మగ పాస్టర్లు ముప్ఫై మంది ముందు ఆవిడ మొదట గొంతు పెగల్చలేకపోయింది. తరవాత చెప్పింది, పావుగంట చెప్పింది. అప్పుడే నాకు తెలిసింది, ఆవిడ తొమ్మిదేళ్ళుగా మూడు పల్లెల్లో ఇంటి కూడికలు నడుపుతోందని. పనివాళ్ళ జాబితాలో ఆవిడ పేరు లేదు. తరగతులకి పిలవలేదు. వంటకి పిలిచారు.

నీ పళ్ళెం, తువ్వాలు సంగతి. నేనూ అనుకున్నాను తమ్ముడూ, 2023లో. ముందు రోజు రాత్రి తర్జుమా చేసే అతనికి చెప్పాను. ఆయన చాలా మెల్లిగా అన్నాడు: “మీరు చేస్తే అందరూ ఫోన్లు తీస్తారు.” ఒక్కమాటే. మానేశాను.

అక్కడ భోజనానికి ముందు ఒక మర్యాద ఉంది. ఇంట్లో చిన్నమ్మాయో కోడలో ఒక చేత్తో కూజా, ఇంకో చేత్తో బేసిను పట్టుకుని కూర్చున్నవాళ్ళందరి దగ్గరికీ వస్తుంది. గోరువెచ్చని నీళ్ళు చేతుల మీద పోస్తుంది. మగవాళ్ళు మాట్లాడుకుంటూనే చేతులు చాపుతారు. పోసే పిల్ల మొహం కూడా చూడరు. నేనూ చూడలేదు, మూడు రోజులు. నాలుగో రోజు యోహాను 13 చదువుకున్నాం, ఊరికే చదివాం, ఒకటికి మూడుసార్లు. ఏమీ చేసి చూపించలేదు. మధ్యాహ్నం ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద, ఆకుకూర, ఒమెనా చేపలు వచ్చాయి. ఒమెనా అంటే మన మెత్తళ్ళలా ఉంటాయి. అందరికన్నా పెద్ద పాస్టరు లేచి ఆ పిల్ల చేతిలోంచి కూజా తీసుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వరసగా అందరికీ పోశాడు. పోసి, వంటింటి గుమ్మం దాకా వెళ్ళి వంట చేసినవాళ్ళకీ పోయబోయాడు. ఒకామె నవ్వేసి, నడుముకి చుట్టుకున్న లేసో గుడ్డలో చేతులు దాచేసుకుంది. ఆయన కదల్లేదు. బేసిను పట్టుకుని అలాగే నిలబడ్డాడు, మోకాళ్ళ నొప్పులున్న మనిషి. కాసేపటికి ఆమె ఒక చెయ్యి తీసి చాపింది.

నేను కడిగి ఉంటే అది జరిగేది కాదు.

ఇంకొన్ని తొందరగా చెబుతాను. తర్జుమాతో రెండు గంటలంటే నీకు మిగిలేది గంటే. ఆ గంటలో సగం వాళ్ళకి వదిలేయి. ఇంగ్లీషు సామెతలు వాడకు, తర్జుమాలో చచ్చిపోతాయి. ఇక్కడి నుంచే ఆయనతో ఫోనులో మాట్లాడి, ప్రతి పాఠం వారం ముందే చెప్పు. ఆయనే నీకన్నా మంచి బోధకుడు అయి ఉండొచ్చు. మూడోసారి నేను చేసింది అదే. మొదటి రెండు రోజులు నేను, మూడో రోజు ఇద్దరం, చివరి రెండు రోజులు ఆయన. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. బర్నబా సౌలుని, అంటే తరవాత పౌలు అన్న మనిషిని, తార్సు వెళ్ళి వెతికి తెచ్చుకున్నాడు, అంతియొకయలో ఏడాది పాటు పక్కన పెట్టుకుని పని చేశాడు. అపొస్తలుల కార్యములు 13 మొదట్లో ‘బర్నబా, సౌలు’ అని ఉంటుంది. ఆ అధ్యాయం అయ్యేలోపు ‘పౌలు, బర్నబా’ అయిపోతుంది. బర్నబా ఎక్కడా అభ్యంతరం చెప్పినట్టు లేదు.

డబ్బు మాట ఇవ్వకు. సైకిలు కొనిపెడతామని, రేకులు పంపుతామని భావోద్వేగంలో అనేసి వచ్చేవాళ్ళని చూశాను. వాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. మనకి కూడా అలాగే జరిగింది కదా, దొరల వంక చూస్తూ ఉండిపోయిన సంఘాలు మనకి తక్కువా? 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో వేదనాయగం అజరయ్య గారు నిలబడి, మీరు మాకు ఆస్తి ఇచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. రెండేళ్ళకి ఆయన మన దోర్నకల్లు బిషప్పయ్యారు, మనదేశస్థుల్లో మొదటి ఆంగ్లికను బిషప్పు. ఆ మాట దొరలతో అన్నది. ఇప్పుడు విమానం ఎక్కి వెళ్తున్నది మనం. ఆ కుర్చీలో మనం ఉన్నాం.

1836లో మిషనరీ గ్రోవ్సు గారి వెంట బౌడెన్, బీర్ అని ఇద్దరు భార్యలతో సహా వచ్చి మన నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డారు. మన సంఘాల మొదలు అక్కడే. వాళ్ళు ఐదు రోజులకి రాలేదు. మనం వెళ్ళేది ఐదు రోజులకి. అందుకని వీలైతే మళ్ళీ అదే ఊరు వెళ్ళు, కొత్త ఊరు వెతుక్కోకు.

రాజోలు అక్క:

మాస్టారు గారికి వందనాలు. తమ్ముడూ, నేను నేర్పే వైపు కాదు, నేర్చుకునే వైపు ఉన్నదాన్ని. కువైట్‌లో పదకొండేళ్ళు ఇంటిపని చేసి వచ్చాను.

అక్కడ ఆరాధన శుక్రవారం. కువైట్ సిటీలో ఒకే చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు గదులు వంతులవారీగా పంచుకుంటాయి. మా తెలుగు గుంపుని నడిపేది డ్రైవర్లు, ఇంటిపనివాళ్ళు. నాకు నెలకి రెండు శుక్రవారాలే సెలవు. వెళ్ళేసరికి పాట అయిపోయేది ఒక్కోసారి.

మన దగ్గర నుంచి బోధకులు వచ్చేవారు, నాయకత్వం మీద సెమినారు అని. ఒకాయన మూడు గంటలు చెప్పి, కానుకలు తీసుకుని, మా పేర్లు కూడా అడగకుండా వెళ్ళిపోయాడు. ఆ మూడు గంటలూ మేము ఇంటికి ఫోను చేసుకునే టైము. నాకు ఆయన మీద కోపం లేదు ఇప్పుడు. కానీ అప్పుడు ఏడ్చాను.

తరవాత పాలకొల్లు వైపు నుంచి ఒక పెద్దామె వచ్చారు, కొడుకు దగ్గరికి. ఆవిడ బోధకురాలు కాదు. మాలో కూర్చుని ఒకే మాట అడిగారు: “ఈ వారం రానివాళ్ళు ఎవరమ్మా?” మాకు తెలియదు. వచ్చినవాళ్ళనే చూసుకునేవాళ్ళం. ఆవిడ ఒక నోటుబుక్కు తెప్పించి పేర్లు రాయించారు. ఎవరు ఏ ఏరియాలో ఉన్నారు, సెలవు ఎప్పుడు, ఫోను ఎవరి దగ్గర ఉంటుంది. ఒక్కొక్కరికి నలుగురిని అప్పజెప్పారు. అలా వెతికితే ఒక అమ్మాయి నాలుగు నెలలుగా రాలేదని తేలింది. మలికిపురం పిల్ల. జీతం ఇవ్వడం లేదు, బయటికి పంపడం లేదు. అందరం కలిసి ఎంబసీ దాకా వెళ్ళాం. ఆ పిల్ల ఇంటికి వచ్చేసింది, ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

నాకు తెలిసిన నాయకత్వ పాఠం ఆ నోటుబుక్కే. తమ్ముడూ, నువ్వు వెళ్ళేచోట ఆడవాళ్ళు తరగతిలో ఉంటారా? అది ముందు అడుగు. వెనకటికి మన పల్లెల్లో బైబిలు స్త్రీలని ఉండేవారు. మగ బోధకులు గుమ్మం దాటలేని ఇళ్ళల్లోకి వాళ్ళే వెళ్ళేవారు. పిల్లలున్న ఆడవాళ్ళు పొద్దున్న రాలేరు, మధ్యాహ్నం పెట్టుకోండి. పిల్లల్ని చూసుకోవడానికి మీ నలుగురిలో ఒకరు ఉండండి. పాస్టరు గారైనా సరే.

ఆచంట తమ్ముడు:

మాస్టారూ, అక్కా, చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. కొట్లో యజమాని ఏమైందిరా అని అడిగారు.

తర్జుమా చేసే ఆయన నెంబరు తీసుకుని నిన్న వాట్సాప్‌లో మాట్లాడాను. మొదట వచ్చేవాళ్ళ జాబితా అడిగాను. ముప్ఫై ఎనిమిది పేర్లు. అన్నీ మగవాళ్ళవే. వంటకి ఎవరు వస్తున్నారని అడిగితే ఆయన కాసేపు ఆగి, ఎందుకు అడుగుతున్నారు అన్నాడు. చెప్పాను. కనుక్కుంటానన్నాడు. ఇంకా జవాబు రాలేదు.

మాస్టారూ, ఒక్క సందేహం. మీరు రిటైరైన పెద్దవారు. మీ తాతగారి సంగతి చెబితే విన్నారు. నేను కుర్రాణ్ణి. పెద్దవాళ్ళని నిలబెట్టి, మీ ఊళ్ళో దాసుడి పని ఎవరు చేస్తారని అడిగితే పొగరు అనుకోరా? మా సంఘంలోనే రెండేళ్ళ కింద జనరేటరు డబ్బుల లెక్క నేను అడిగాను. అడిగిన పద్ధతి బాగా లేదు, అందరి ముందూ అడిగాను. పెద్దాయన ఒకరు నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడరు. అది కూడా చెప్పాలా?

మొగల్తూరు మాస్టారు:

అదే చెప్పు. మొదటి రోజు, మొదటి పావుగంటలో చెప్పు. లెక్క అడగడం సరైనదే, అడిగిన తీరు తప్పైపోయింది, ఇప్పుడేం చేయాలో నాకు తెలియడం లేదు అని చెప్పి, ఆ గదిలో అందరికన్నా పెద్దాయన్ని సలహా అడుగు. ఊరికే అడిగినట్టు కాదు, నిజంగా అడుగు. మోషేకి మామ యిత్రో సలహా చెప్పింది ఎప్పుడు? మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతూ నలిగిపోవడం ఆయన కళ్ళారా చూశాక. నీ కష్టం వాళ్ళు చూస్తే వాళ్ళది నీకు చూపిస్తారు. నీ వయసు అడ్డం కాదు, నీకు కుర్చీ ఎక్కే అలవాటు ఇంకా లేదు, అది మేలు.

అయితే ఒకటి. బయల్దేరే ముందు ఆ పెద్దాయన ఇంటికి ఒకసారి వెళ్ళు. లెక్క వదిలెయ్యమనడం లేదు. ‘నలుగురిలో అడిగాను, తప్పయింది బాబాయ్’ అని ఆ మాట వరకూ చెప్పుకుని రా. ఆయన తలుపు తీయకపోతే తీయలేదనే అక్కడ చెప్పు.

వంట సంగతి అడిగావు చూడు, జవాబు ఆలస్యమైనా మళ్ళీ ఒత్తిడి పెట్టకు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోనీ.

ఆచంట తమ్ముడు:

వెళ్ళాను మాస్టారూ, నిన్న సాయంత్రం. బాబాయి అరుగు మీదే ఉన్నారు. ఎక్కువ మాట్లాడలేదు. పిన్ని మజ్జిగ ఇచ్చింది. వచ్చేటప్పుడు ‘కెన్యాలో చలిగా ఉంటుందా’ అని అడిగారు.

అక్కా, అహెరో నుంచి మెసేజీ వచ్చింది. ఆరుగురు ఆడవాళ్ళు వస్తారట, వాళ్ళలో ఇద్దరికి చంటిపిల్లలు. వంటకి వేరే ఊరి నుంచి మనుషుల్ని మాట్లాడుతున్నారట. మా పాస్టరు గారు ఒకరు పిల్లల్ని తాను చూసుకుంటానన్నారు, ఆయనకి నలుగురు మనవలు.

స్లైడులు తీసేశాను. ఒక నోటుబుక్కు, బైబిలు. మూడు తాళాలున్న ఇనప పెట్టె ఒకటి నరసాపురంలో చేయించి పట్టుకెళ్దామా?

మొగల్తూరు మాస్టారు:

వద్దు నాయనా. పెట్టె ఇక్కడి నుంచి మోసుకెళ్ళకు. అహెరో బజారులో రేకు పని చేసేవాళ్ళున్నారు, తాళాలు కూడా అక్కడే దొరుకుతాయి. కావాలనుకుంటే వాళ్ళే చేయించుకుంటారు, వాళ్ళ డబ్బుతో.

సాయంత్రాలు కొంచెం చల్లగా ఉంటుందని మీ బాబాయికి చెప్పు.